ఒకే కార్డు, మూడు డెక్కులు, మూడు అర్థాలు: దేన్ని పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: రైడర్-వెయిట్ డెక్కు (కార్డుల కట్ట)తో టారో, అంటే 78 కార్డులతో జోస్యం చెప్పే పద్ధతి, నేర్చుకున్నారు, ఇప్పుడు థోత్, మార్సెయ్ డెక్కులూ చేతికొచ్చాయి, ఒకే కార్డుకు మూడు పుస్తకాల్లో మూడు రకాలుగా రాసి ఉంది, ఏది నమ్మాలి అని.

అర్థాలను పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన ఈ చిక్కు విడిపోదు. ఏ డెక్కులో అర్థం దేని నుంచి పుడుతోందో ముందు చూసుకోవాలి. 1909లో వచ్చిన రైడర్-వెయిట్‌లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన సన్నివేశం నుంచి పుడుతుంది. థోత్‌లో గ్రహం, రాశి, కార్డు అడుగున అచ్చయిన పేరు, ఈ మూడింటి నుంచి. మార్సెయ్ చిన్న కార్డుల్లో (ఒకటి నుంచి పది దాకా అంకెలున్నవి) సన్నివేశమే ఉండదు కాబట్టి అంకె, సూట్ (వాండ్స్ అంటే కర్రలు, కప్స్ అంటే గిన్నెలు, స్వార్డ్స్ అంటే కత్తులు, నాణేలు, ఈ నాలుగు గుంపుల్లో ఒకటి) కలిపి చదువుకోవాల్సిందే.

సిక్స్ ఆఫ్ స్వార్డ్స్ మూడింటినీ తీసి బల్ల మీద పెట్టండి. రైడర్-వెయిట్‌లో పడవ, దాన్ని నడిపే మనిషి, ముసుగేసుకుని కూర్చున్న స్త్రీ, పక్కన పిల్ల. కత్తులు ఆరూ పడవలో నిలువుగా గుచ్చి ఉంటాయి. అందుకే ‘కష్టం నుంచి ఒడ్డు దాటడం, ప్రయాణం’ అంటారు. థోత్‌లో మనుషులే లేరు. కత్తుల మొనలన్నీ నడుమనున్న గులాబీ దగ్గర కలుస్తాయి. పేరు ‘సైన్స్’, కుంభంలో బుధుడు. అక్కడ మాట బుద్ధి గురించి, విషయాన్ని విడదీసి సరిగ్గా తూచడం గురించి. మార్సెయ్‌లో వంపు తిరిగిన కత్తులు అటు మూడు, ఇటు మూడు చుట్టుకుని ఉంటాయి, మధ్యలో పువ్వు. పడవా లేదు, దుఃఖమూ లేదు. థోత్ కార్డు చూపిస్తూ ‘ఊరు మారతారు’ అని చెప్పేవాళ్లు కనబడుతుంటారు. అది పక్క డెక్కు బొమ్మను తలుచుకుని చెప్పడం.

త్రీ ఆఫ్ స్వార్డ్స్ దగ్గర రైడర్-వెయిట్, థోత్ కలుస్తాయి: గుండెలో మూడు కత్తులు ఒకచోట, ‘సారో’ అనే పేరు ఇంకోచోట. మార్సెయ్‌లో మాత్రం రెండు వంపు కత్తులు, నడుమ ఒక నిటారు కత్తి, ఆకుల రెమ్మలు, అంతే. కత్తులు దిగిన ఆ గుండె 15వ శతాబ్దపు ఇటలీ డెక్కు సోలా బుస్కాలోనే ఉంది. దాని ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. స్మిత్ బొమ్మతో పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నాణేల (థోత్‌లో వీటిని డిస్క్స్ అంటారు) ఏడు ఇంకా ఆసక్తికరం. రైడర్-వెయిట్‌లో రైతు పనిముట్టు మీద వాలి పంట వైపు చూస్తుంటాడు, చదివేవాళ్లు ‘ఓపిక పట్టండి’ అంటారు. థోత్‌లో పేరే ‘ఫెయిల్యూర్’. చూడ్డానికి పొంతన లేనట్టుంది కానీ, రెండు డెక్కులూ 1888లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య విద్యల సంఘం పద్ధతి నుంచి దిగినవే. అక్కడ ఈ కార్డు పేరు ‘నెరవేరని విజయం’, వృషభంలో శని. రైడర్-వెయిట్ రూపకర్త వెయిట్ ఎదురుచూపు దగ్గర ఆగాడు, థోత్ రూపకర్త క్రౌలీ చివరిదాకా వెళ్లాడు. ఇలాంటి తేడా కనబడినప్పుడల్లా గోల్డెన్ డాన్ పేరు ఏమిటో చూడండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

పెద్ద కార్డుల్లో (సూట్ లేకుండా సొంత పేర్లున్న 22 కార్డులు) ఎక్కువమంది తడబడేది 8, 11 దగ్గర. మార్సెయ్‌లో 8 జస్టిస్, 11 స్ట్రెంగ్త్. సింహరాశి తర్వాత తుల రావాలనే వరస కోసం గోల్డెన్ డాన్‌వాళ్లు వాటిని తారుమారు చేశారు, వెయిట్ దాన్నే ఉంచాడు. క్రౌలీ థోత్‌లో పాత అంకెలకే తిరిగి వెళ్లాడు, పేర్లు మాత్రం 8కి అడ్జస్ట్‌మెంట్, 11కి లస్ట్ అని మార్చాడు. పుట్టిన తేదీతో కార్డు లెక్కేసేవాళ్లకు ఇది నేరుగా తగులుతుంది. 15-8-1947 తీసుకుంటే 15+8+1947=1970, అంకెలు కూడితే 17, అంటే స్టార్. మళ్లీ కూడితే 8. ఆ 8 ఒక డెక్కులో స్ట్రెంగ్త్, ఇంకో డెక్కులో జస్టిస్. ఏ డెక్కుతో లెక్కేశారో రాసి పెట్టుకోకపోతే తర్వాత మీకే తెలియదు.

కోర్టు కార్డుల్లో (రాజు, రాణి లాంటి కొలువు మనుషుల బొమ్మలున్నవి) థోత్ నైట్‌ను రైడర్-వెయిట్ నైట్ అనుకోకండి. ఇద్దరూ గుర్రం మీదే ఉంటారు, అదే మోసం. హోదా ప్రకారం థోత్ నైట్ రాజు స్థానంలో ఉంటాడు. ప్రిన్స్‌ను రైడర్-వెయిట్ నైట్‌తో, ప్రిన్సెస్‌ను పేజ్‌తో జత చేయండి.

జాతకం తెలిసినవాళ్లకు ఒక హెచ్చరిక. టారోలో 2 నుంచి 10 వరకూ ఉన్న కార్డులకు ఇచ్చిన పది డిగ్రీల భాగాలు మన ద్రేక్కాణాల్లాగే కనిపిస్తాయి, కానీ అవి కావు. అవి సాయన రాశులు, మన పంచాంగం నిరయనం, తేడా ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. అధిపతులూ వేరు: సింహం మొదటి భాగానికి మన లెక్కలో రవి, టారోలో శని. ఫైవ్ ఆఫ్ వాండ్స్ ‘స్ట్రైఫ్’ అయింది ఆ శని వల్లే.

పోల్చడానికి 78 కార్డులూ ఒకేసారి పెట్టుకోవద్దు. పైన చెప్పినవాటికి లవర్స్ చేర్చి ఒక పదీ పదిహేనుతో మొదలుపెట్టండి. మార్సెయ్ లవర్‌లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య కుర్రాడు ఉంటాడు, ఎంపిక అనే అర్థం అక్కడిదే. కార్డుకొక పేజీ తీసి, కంటికి కనిపించేది, అంకె-సూట్, గ్రహం-రాశి, చివర్లో అర్థం, ఈ వరసలో రాయండి. అర్థం ముందు రాస్తే మిగతావి దానికి అతికించేస్తారు.

ఇక తిరగబడిన కార్డుల సంగతి. యాప్‌లో చదివిన తిరగబడిన అర్థాన్ని థోత్‌కు అంటించకండి. క్రౌలీ పద్ధతిలో తలకిందులు లెక్కలోకి రాదు, పక్క కార్డులు చూస్తారు. వాండ్స్‌కు కప్స్ పడవు, స్వార్డ్స్‌కు డిస్క్స్ పడవు, మిగతావి సర్దుకుపోతాయి. నడుమ సిక్స్ ఆఫ్ స్వార్డ్స్ పడి రెండు పక్కలా డిస్క్స్ ఉంటే దాని బలం తగ్గించి చదవాలి, వాండ్స్ ఉంటే పెంచి చదవాలి.