పరుగెత్తితే పిల్లికూతలు... మానేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఆస్తమా. బరువు తగ్గాలని తెల్లవారుజామున తుంగభద్ర ఒడ్డున పరుగు మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకే ఛాతీ బిగిసి పిల్లికూతలు వస్తున్నాయి. ‘నీకెందుకమ్మా ఈ పరుగులు’ అంటున్నారు మా అత్తయ్య. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మానవద్దమ్మా. నేనూ ఆస్తమా ఉన్న డాక్టరునే. ముప్పై ఏళ్లుగా నా చొక్కా జేబులో పెన్ను పక్కన, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనమిచ్చే నీలం ఇన్‌హేలర్ ఉంటుంది.

పరుగెత్తేటప్పుడు నోటితో గాలి పీలుస్తాం. గాలిని తడిపి, వెచ్చబరిచే ముక్కుకు ఆ అవకాశమే ఉండదు. ఆ పొడిగాలికి శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. డిసెంబరు చలిలో ఇది మరీ ఎక్కువ.

కాబట్టి మొదటి పది, పదిహేను నిమిషాలు నడవండి, ఆపైనే పరుగు. చలి రోజుల్లో ముక్కు, నోటి మీదుగా చున్నీ చుట్టుకోండి. రోడ్డు ఊడ్చే వేళ, చెత్త తగలబెట్టే చోటు వద్దు. పరుగుకు పదిహేను నిమిషాల ముందు ఉపశమన ఇన్‌హేలర్ పీల్చాలా అన్నది మీ డాక్టరు చెబుతారు. అసలైన మందు మాత్రం రోజూ వాడే నివారణ ఇన్‌హేలర్. బాగుందని దాన్ని మానేసినవారే రాత్రిళ్లు ఆయాసంతో నా దగ్గరికి వస్తారు, అదే నా బాధ. అది అలవాటైపోతుందన్న భయం వద్దు.

అత్తయ్యగారికి బ్రిటన్ పరుగుల క్రీడాకారిణి పౌలా రాడ్‌క్లిఫ్ గురించి చెప్పండి. ఆస్తమా ఉన్న ఆమె 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు.

పిల్లికూతలు మొదలైతే వెంటనే ఆగి, కూర్చుని ఉపశమన ఇన్‌హేలర్ పీల్చండి. తగ్గకపోతే, మాట్లాడటమే కష్టమైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.