మూతి నుంచి మందు దట్టించే రైఫిల్‌ను నీళ్లతో కడిగితే తుప్పు పట్టదా?

వెంటనే పూర్తిగా ఆరబెట్టి నూనె పూస్తే పట్టదు; నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాల్చిన తుపాకీ గొట్టాన్ని శుభ్రం చేయడానికి నీటిని మించినది లేదు. సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిసిన ఈ తుపాకీమందు మండినప్పుడు, దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారక, పొటాషియం కార్బనేట్, పొటాషియం సల్ఫేట్ వంటి లవణాలుగా మిగులుతుంది. అందులో కొంత పొగతో బయటికి పోగా, తక్కినది గొట్టం లోపల మసిగా పేరుకుంటుంది. గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేసే ఈ లవణాలు నీటిలో తేలికగా కరుగుతాయి గాని నూనెలో కరగవు.

ఉదాహరణకు, నూనె గుడ్డతో మాత్రమే తుడిచిన గొట్టం పైకి మెరుస్తున్నా, నూనె పొర కింద లవణం అలాగే ఉండడం వల్ల, తేమ ఎక్కువగా ఉన్న వాతావరణంలో ఒక్క రాత్రిలోనే తుప్పు మచ్చలు తేలవచ్చు. కనుక, తుపాకీలో మందు లేదని ముందుగా నిర్ధారించుకొని (ఇది మరవకూడదు), సబ్బు కలిపిన నీటిలో తడిపిన పేలికలను, అవి శుభ్రంగా బయటికి వచ్చేవరకు గొట్టంలో ఆడించాలి.

మరిగే నీళ్లే వాడాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. గోరువెచ్చనివి చాలు, మరిగే నీళ్లు పోస్తే, వేడెక్కిన ఉక్కు మీద ఆరే లోపే పలుచని తుప్పు పొర ఏర్పడవచ్చు.