పాఠకుల ప్రశ్నలు: నక్షత్రం దించిన తర్వాత

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే సంఘమంతా సెమీ క్రిస్మస్‌లు, ఇంటింటికీ క్యారల్స్, కొత్త బట్టలతో కళకళలాడుతుంది. ఆరాధనలో భూమి మీద సమాధానం గురించి వింటుంటే నా కళ్లు చెమరుస్తాయి. తీరా జనవరిలో నక్షత్రం దించి అటక మీద పెట్టాక మళ్లీ అవే బాకీలు, అవే కేకలు. గట్టు తగాదా వల్ల అన్నయ్యతో కొన్నేళ్లుగా మాటల్లేవు. క్రిస్మస్ సందేశాన్ని మామూలు రోజుల్లో జీవించడం ఎలా?

జవాబు: మీరు అడిగిన ప్రశ్నను లూకా సువార్తలో జనసమూహమే అడిగింది. రెండవ అధ్యాయంలో గొర్రెల కాపరులు తొట్టిలో ఉన్న శిశువును చూసి, దేవుణ్ని మహిమపరుస్తూ తిరిగి వెళ్లారు. కాపరి పని మానుకొమ్మని దూత వారికి చెప్పలేదు. మూడవ అధ్యాయానికి రాగానే, బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వచ్చినవారు తామేమి చేయాలని అడిగారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలని, సుంకరులు నిర్ణయించినదానికంటె ఎక్కువ వసూలు చేయకూడదని, సైనికులు ఎవరినీ బెదిరించి దోచుకోకుండా తమ జీతంతో తృప్తిపడాలని ఆయన చెప్పాడు. ఎవరి చెయ్యి ఎక్కడ తప్పటానికి వీలుందో సరిగ్గా అక్కడే ఆయన వేలు పెట్టి చూపించాడు.

కిరాణా కొట్టులో ఆ చోటు త్రాసు, పద్దు పుస్తకం. పండుగ పిండివంటల కోసం ఒక కూలి తల్లి మైదా, బెల్లం, నూనె అరువు తీసుకుని వెళ్లి ఉంటుంది. ఆమెకు చదువు రాకపోతే, ఆమె ఎదుటే పద్దు రాసి, మొత్తం పైకి చదివి వినిపించండి. రొక్కానికి ఒక ధర, అరువుకు ఒక ధర పెట్టకండి. బాకీ అడగడం తప్పు కాదు, కొట్టు నిలబడాలంటే అడగాల్సిందే. అయితే నలుగురు నిలబడి ఉండగా ఆమె పేరు పెట్టి కేకవేయడం వేరు, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు ఎప్పుడు ఇవ్వగలదో కనుక్కోవడం వేరు. తొట్టిలో పుట్టిన ప్రభువును ఆరాధించే వ్యక్తి పేదవారి పరువును కాపాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇవ్వడం విషయంలో మన తెలుగు సంఘాలకు ఒక చక్కని అలవాటు ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారి దోర్నకల్ అధ్యక్ష మండలంలో, అంటే ఆయన పర్యవేక్షణలోని సంఘాల్లో, పేద ఇళ్ల తల్లులు వంటకు బియ్యం తీసుకునేటప్పుడే ఒక గుప్పెడు విడిగా పోసి సంఘానికి తెచ్చేవారు. డిసెంబరులో ఒక్కసారి దుప్పట్లు పంచి ఫొటో తీయించుకోవడం కంటే, పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఇంకొకరి ఆకలి గుర్తుకు వచ్చే ఆ గుప్పెడు నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. మీ ఇంట్లో అది ఆగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి.

అన్నయ్య సంగతి వీటన్నిటికంటె కష్టం. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి తన మీద విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పారు. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగమని ఆయన అనలేదు. కాబట్టి ఈసారి ప్రభురాత్రి భోజనానికి ముందే వెళ్లండి. పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళితే అది పంచాయితీ అవుతుంది. మీరూ మీ భార్యా వెళ్లి వదినగారినీ పిల్లలనూ పలకరించండి, గట్టు మాట ఎత్తకండి. మాట్లాడినంత మాత్రాన పొలం మీద మీ హక్కు పోదు, సర్వే చేయించుకోవడానికి తర్వాత సమయం ఉంటుంది. ఆయన ముఖం తిప్పుకుంటే, మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమన్న పౌలు మాట పట్టుకుని, సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు మళ్లీ ఒకసారి వెళ్లండి.