నెగటివ్ నీ దగ్గర పెట్టుకో

చిన్నీ,

అత్త ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి పూర్తిగా ఫిట్‌నెస్ మోడలింగ్‌లోకి దిగుతున్నావని, ఎవరో ప్రొటీన్ పౌడర్ కంపెనీవాళ్ళు షూట్‌కి పిలిచారని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. చెబుతున్నంతసేపూ చిరాకు పడుతూనే ఉన్నాడు. కానీ పెట్టేసిన వెంటనే నీ ఫొటో వాట్సాప్‌లో పంపింది కూడా ఆయనే. బార్ భుజాల మీద పెట్టుకుని కిందికంటా కూర్చున్నావు. మడమలు నేలకి ఆనే ఉన్నాయి, నడుం వంగలేదు, మోకాళ్ళు లోపలికి పడలేదు. ఇన్నేళ్ళు పీఈటీగా ఎంతమందికి నేర్పించానో, అంత శుభ్రంగా కూర్చున్నవాళ్ళు తక్కువ. మర్నాడు స్టాఫ్ రూంలో అందరికీ చూపించాను. చూపించాను, అంతే. అడిగినా ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. ఆరు నెలల ఖర్చులకి డబ్బు పక్కన పెట్టుకున్నాకే రాజీనామా ఇవ్వు. షూట్‌కి ఒక్కదానివే వెళ్ళకు. ఏ పౌడరైనా నువ్వు తాగితేనే తాగుతున్నానని చెప్పు. స్టేజీ ఎక్కే ముందు నీళ్ళు మానేసి, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు మింగమనే కోచ్ దగ్గర మర్నాటికి ఉండకు. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే బాడీబిల్డర్ హాలండ్‌లో పోటీ గెలిచి కొన్ని గంటలకే పోయాడు, ఆ మాత్రల వల్లేనని చెబుతారు. ఈ విషయంలో నాతో వాదించకు.

మీ అమ్మ బాధంతా బట్టల గురించి. నాకు ఆ బాధ లేదమ్మా. మేం విజయనగరంలో ఒంటికి అతుక్కునే సింగ్లెట్ వేసుకుని బరువులెత్తిన రోజుల్లో ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ అంటే జనం గోడెక్కి చూసేవారు. ఆ పక్కనే కొండవెలగాడలో రైతుల ఇళ్ళల్లోంచి ఆడపిల్లలు వచ్చి రాడ్ పట్టుకున్నారు, జాతీయ పోటీలకి వెళ్ళారు. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ ఫొటో అన్ని పేపర్లలోనూ పడింది. అందులో ఉన్నదీ సింగ్లెట్టే. అంతకుముందు రోజు దాకా మమ్మల్ని వెక్కిరించినవాళ్ళే ఆ పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. బట్టలు అవే, ఒళ్ళూ అదే. ఆ ఫొటో కింద పేరుంది, దేశం పేరుంది, ఎత్తిన బరువుంది. నా భయం ఫొటో నుంచి ఆ మూడూ కోసేసినప్పుడు ఏమవుతుందనే.

మా హాస్టల్లో నాకంటే పైన ఒక అక్క ఉండేది. పేరు రాయను, ఇప్పుడు మనవలతో ఉంది. బరువుని భుజాల మీదికి లేపి, అక్కణ్ణించి తలపైకెత్తే క్లీన్ అండ్ జెర్క్ జిల్లాలో ఆమెతో సమానంగా చేసేవాళ్ళు లేరు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాలని, మెడలో మెడల్స్ వేసుకుని, కాస్ట్యూమ్‌లో నిలబడి, ఊళ్ళో ఒక స్టూడియోలో ఫొటో తీయించుకుంది. నేను తోడు వెళ్ళాను. వెనక నీలం తెర, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ. స్టూడియో ఆయన ఆ కుండీ పక్కకి తీయనన్నాడు, అక్క తీయించింది. చేతులు నడుం మీద పెట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడింది. కార్డ్ సైజు కాపీలు తీసుకుంది. నెగటివ్, అంటే కాపీలు తీసే ఆ ఫిల్ము ముక్క, కావాలంటే ఇంకో పది రూపాయలు అన్నాడు. అక్క పర్సు తెరిచి చూసుకుని, "మళ్ళీ కాపీలు కావాలంటే మీ దగ్గరికే వస్తాంగా, మీ దగ్గరే ఉంచండి" అంది. ఆయన ఆ ముక్కని చిన్న గోధుమరంగు కవర్లో పెట్టి, పైన నంబరు వేసి, డబ్బాలో పడేశాడు.

కొన్నాళ్ళకి బస్టాండు ఎదురుగా బలం మందులు అమ్మే కొట్టు మీద పెద్ద బోర్డు లేచింది. అక్క ఫొటోనే. మెడల్స్ మీద రంగు పూసేశారు, పేరు లేదు, పక్కన మందు సీసా బొమ్మ, కింద ఆడా మగా ఎవరికైనా అని ఏదో రాత. నాకు ఆ రాత ఇక్కడ రాయడం కూడా ఇష్టం లేదు. అక్కవాళ్ళ నాన్న సంతకి వెళ్ళి బస్సు దిగి ఆ బోర్డు చూశాడు. పాపం, ఆయన పెద్దగా చదువుకోలేదు కానీ కూతుర్ని పోల్చుకోలేడా? స్టూడియోకి వెళ్ళి అడిగితే, "నెగటివ్ నాది, నా ఇష్టం" అన్నాడట ఆ యజమాని. ఈయన మారు మాట్లాడకుండా హాస్టల్‌కి వచ్చి అక్క పెట్టె సర్దించాడు. ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. రైల్వే నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది, హాస్టల్ అడ్రసుకి. వార్డెన్ దాన్ని తిప్పి పంపింది.

ఊరంతా ఏమందో తెలుసా? "అలాంటి బట్టల్లో ఫొటో ఎందుకు దిగాలి" అంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫొటో దిగడంలో తప్పేం లేదు. తప్పల్లా ఆ గోధుమరంగు కవరు అక్కడ వదిలి రావడం. ఇంకో సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం అప్పటికే ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్ళదే. అక్క డబ్బిచ్చింది. ఆ బొమ్మ బోర్డెక్కించడానికి వాడికి ఏ హక్కూ లేదు. ఆ ముక్క చెప్పేవాళ్ళు ఆ వేళ మా చుట్టుపక్కల ఒక్కరు లేరు. అందుకే నీకు ఇంత పొడుగ్గా చెబుతున్నాను.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. హైదరాబాద్‌లో కొత్త ఫొటోగ్రాఫర్లు కొలాబ్ అని పిలిచి ఫ్రీగా షూట్ చేస్తారట కదా, నీ పేజీ నిండా అవే ఉన్నాయని మీ తమ్ముడు చెప్పాడు. ఫ్రీ షూట్‌లో నువ్వు డబ్బివ్వలేదు కాబట్టి ఫొటో మీద మొదటి హక్కు తీసినవాడిది. నీ ఒళ్ళు, నీ ముఖం, నువ్వు నెలల తరబడి నోరు కట్టుకుని తెచ్చుకున్న నడుం, అయినా సరే వాడిదే. అమెరికాలో ఎమిలీ రాటకౌస్కీ అనే పెద్ద మోడల్ తన ఫొటో తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నందుకు 2019లో ఆ ఫొటో తీసినవాడే ఆమె మీద కేసు వేశాడు. అందులో ఆమె ముఖానికి పూలగుత్తి అడ్డం ఉంది కూడా. కాబట్టి ఫ్రీ అన్నా సరే, కొంచెమైనా డబ్బివ్వు, యూపీఐలో పంపు, 'ఫలానా తేదీ షూట్‌కి' అని రాయి. హక్కులు నీకే అని ఒక పేజీ మీద సంతకం పెట్టించుకో. ఎంచిన పది ఫొటోలు కాదు, రా ఫైల్స్, అంటే కెమెరాలోని అసలు ఫైళ్ళు, అన్నీ తెచ్చుకో. ఎవరి దగ్గర ఏ షూట్ ఉందో ఒక నోటుబుక్కులో రాసుకో, ఫోన్లో కాదు.

కంపెనీవాళ్ళ అగ్రిమెంట్ కూడా అన్నయ్య పంపాడు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను. 'పర్పెచ్యువల్' అని ఉంది, అంటే ఎప్పటికీ; 'వరల్డ్‌వైడ్' అని ఉంది, అంటే ప్రపంచమంతా; మార్పులు చేసుకునే హక్కు అని ఉంది. ఆ మూడూ కొట్టేయించు. మన చట్టంలో హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్ళే, చోటు రాయకపోతే ఇండియా వరకే. వాళ్ళు ఆ మాటలు పనిగట్టుకుని రాసింది అందుకే. ఒక ఏడాది, ఈ ఒక్క డబ్బా, ఈ దేశం, అంతే. నీ ఫొటోని ఏఐలో పెట్టి కొత్త బొమ్మలు పుట్టించకూడదని, వేరే కంపెనీకి ఇవ్వకూడదని విడిగా రాయించు. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీ వస్తుంది. నీ స్క్వాట్ చూశాక రాదని నేననుకోను.

ఈ హక్కు గోల ఎందుకు అంటావేమో. ఎవడో నీ జిమ్ ఫొటో ఎత్తుకెళ్ళి పాడు పేజీలో పెట్టాడనుకో. దుస్తులున్న మామూలు ఫొటో కాబట్టి అశ్లీలం కింద తీయించడం కష్టం. దాన్ని తీయించగలిగే గట్టి దారి కాపీరైట్ ఫిర్యాదు. ఆ ఫారంలో అడిగే ముఖ్యమైన ప్రశ్నే ఈ ఫొటో హక్కుదారు నువ్వేనా అని. అప్పుడు నువ్వు అవునని రాయగలగాలి.

అభిమానుల గురించి రాయాలంటే భయమేస్తోంది, రాయకపోతే ఇంకా భయమేస్తోంది. నీకు మెసేజీలు పెట్టే పిల్లల్లో చాలామంది మంచివాళ్ళే. నిన్ను చూసి జిమ్‌కి వెళ్తున్నామని రాసే అమ్మాయిలున్నారు, వాళ్ళకి తప్పకుండా జవాబివ్వు. కానీ 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది గుర్తుందా? ఆ మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఎక్కడి కుర్రాణ్ణో తెలుసా? మన గుంటూరు కుర్రాణ్ణి. రష్మిక మీద అభిమానంతో ఫ్యాన్ పేజీ నడుపుతున్నాడని, ఫాలోయర్లు పెరగడానికి చేశాడని పోలీసులు చెప్పారు. శత్రువు కాదమ్మా, ఫ్యాన్. ఇంకోటి చూడు. ఆ వీడియోలో లిఫ్ట్‌లోకి వచ్చిన ఒళ్ళు జారా పటేల్ అనే ఇంకో అమ్మాయిది. ఆమె తన పేజీలో తాను పెట్టుకున్న వీడియో అది. రష్మిక కోసం అందరూ మాట్లాడారు. ఆ రెండో అమ్మాయి గోడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నాకు మాత్రం నువ్వే కనిపించావు.

అందుకని, నీ పేరుతో ఫ్యాన్ గ్రూపు పెడతామంటే వద్దనకు, కానీ నీ అకౌంట్ పాస్‌వర్డు గానీ, ఎవరూ చూడని ఫొటో గానీ అడ్మిన్‌కి ఇవ్వకు. 'మా గ్రూపుకి మాత్రమే' అని అడిగే ఫొటో ఏదైనా సరే, అది అందరిదీ అయిపోయిందనుకునే ఇవ్వాలి. నువ్వు ఒకటి ఇస్తే వాళ్ళు రెండోది హక్కుగా అడుగుతారు. ఇవ్వకపోతే అలుగుతారు, తర్వాత తిడతారు. నేను ఇది పిల్లల్లో, పెద్దల్లో చూశాను. వీడియో పెట్టే ముందు ఒకసారి మధ్యమధ్యలో ఆపి చూసుకో. బరువు నడుం మీద పెట్టుకుని పైకి లేపే హిప్ థ్రస్ట్ వీడియోలో బరువు కనబడని ఫ్రేమ్ ఒక్కటి దొరికినా చాలు, దాన్నే స్క్రీన్‌షాట్ తీస్తారు. ప్లేట్లు కనబడేలా కెమెరా పక్కనుంచి పెట్టు. నీ పేరు మూలన కాకుండా ఫొటో మధ్యలో, కోసేస్తే బొమ్మ పాడయ్యేలా వెయ్యి. జిమ్‌లో వెనకాల ఉన్న ఆడవాళ్ళని అడక్కుండా వీడియో తీయకు. నీకు వద్దనిపించేది వాళ్ళకి చెయ్యకూడదు కదా.

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తి, ఇంకా అక్కడుండగానే స్టోరీ పెడుతున్నావట! ఎంత చదివినా ఈ తెలివి రాలేదా నీకు? ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక పెట్టు. పరుగు లెక్క రాసే ఆ స్ట్రావా యాప్‌లో పరుగు మొదలెట్టిన చోటు, ఆపిన చోటు దాచే సెట్టింగ్ ఉంది, పెట్టుకో. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపెయ్. ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు కూడా దాంతోపాటే వెళ్ళిపోతుంది. ఇంకో ఊళ్ళో ఉన్నదాన్ని, పరిగెత్తుకుని రాలేను కదా తల్లీ. అందుకే ఇలా అరుస్తున్నాను.

ఎప్పుడైనా ఏదైనా జరిగితే, కంగారులో డిలీట్ చెయ్యకు. లింకు, పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచు. తర్వాత రిపోర్ట్ కొట్టు. నగ్నంగా మార్ఫ్ చేసిన బొమ్మ మీద ఫిర్యాదొస్తే గంటల్లోనే తీసెయ్యాలని ఐటీ నిబంధనల్లోనే రాశారు, ఆ మాట ఫిర్యాదులో ప్రస్తావించు. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైట్ ఉంది, బొమ్మ నీ ఫోన్ దాటకుండానే దాని గుర్తును మాత్రం తీసుకుని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటిలో ఆపిస్తుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు, స్టేషన్‌కి నేనూ వస్తాను. డబ్బివ్వకపోతే పంపేస్తామని ఎవడైనా బెదిరిస్తే ఒక్క రూపాయి ఇవ్వకు. ఇచ్చిన చోట వాడు ఆగడు. ఏకాంతంలో తీసిన బొమ్మల విషయంలో, తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమేనని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో వివరణగా రాశారు. నువ్వు నమ్మి పంపినా సరే, తప్పు వాడిదే.

అలాంటప్పుడు మీ నాన్నకి ఎలా చెప్పాలా అని ఒక్కదానివే కూర్చుని ఏడవకు. నాకు ఫోన్ చెయ్. ఏ ఫొటో అయినా, అందులో నువ్వు ఎలా ఉన్నా, నేను ఒక్క ప్రశ్న అడగను. అక్కకి ఆ రోజు ఇంట్లో ఒక్క మనిషి అండగా నిలబడి ఉంటే రైల్వేలో చేరి ఉండేది. నీకు నేనున్నాను. అన్నయ్యతో కూడా మాట్లాడాను. కూతురి ఫొటో బయటికొస్తే కూతుర్ని కాదు, పెట్టినవాణ్ణి పట్టుకోమని చెప్పాను. ఆయన ఏం మాట్లాడలేదు కానీ ఫోన్ పెట్టెయ్యనూ లేదు. మీ అమ్మకి మెల్లగా నచ్చచెప్పుకోవచ్చు, సంక్రాంతికి నేను వచ్చినప్పుడు చూద్దాం.

అగ్రిమెంట్‌లో నేను చెప్పినవి ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టి, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. వాళ్ళు మార్చి పంపిన కాపీ నాకు చూపించాకే సంతకం పెట్టు. మన వీధిలో లాయరుగారు ఉన్నారు, ఆయన చేత కూడా ఒకసారి చదివిస్తాను. పాత షూట్లు తీసినవాళ్ళకి ఈ వారంలోనే ఫోన్ చేసి రా ఫైల్స్ అడుగు. ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో నాకు మెసేజ్ పెట్టు. ఇవ్వనివాళ్ళతో నేను మాట్లాడతాను.

మీ అత్త