'ఘనంగా జరిగింది' అని రాయకమ్మా

ప్రశ్న: మాది విశాఖలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. డయాసిస్ (బిషప్ గారి పరిధి) పత్రికకు మా పాస్టరేట్ (ఒక పాస్టరు గారి పరిధి) వార్తలు పంపే పని కమిటీవారు నాకప్పగించారు. 'బిషప్ గారు విచ్చేశారు, కోత పండుగ ఘనంగా జరిగింది' అనే ప్రతిసారీ రాస్తున్నాను. మా అమ్మ కూడా చదవడం లేదు. ఏం రాయాలి?
— ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: అమ్మా, మా చర్చి వార్తల కాగితం నేను పంతొమ్మిదేళ్లు రాశాను. మొదట్లో నేనూ 'ఘనంగా' అనే రాసేదాన్ని. మా అమ్మ పోయాక ఆవిడ బైబిల్లో, కీర్తనల దగ్గర, పత్రిక ముక్కొకటి దొరికింది. మడత దగ్గర చిరిగింది, ఒక మూల పసుపు మరక. ఆ ఏడాది కన్ఫర్మేషన్ (బిషప్ ఎదుట తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారం) తీసుకున్న పదకొండుమంది ఆడపిల్లల పేర్లున్నాయి అందులో. ఏడోది అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద పెన్సిల్ గీత. ప్రసంగం ఎవరు చేశారో కూడా ఉంది, ఆ వరుస జోలికి ఆవిడ పోలేదు.

కాబట్టి పేర్లు రాయి. ఇంటిపేరు ఆ ఇంటివాళ్లనే అడిగి రాసుకో.

కోత పండుగకి, తెచ్చిన కానుకలకి వేలంపాట ఉంటుంది కదా. అనకాపల్లి బెల్లం దిమ్మ ఎంతకి పోయింది, ఎవరు పాడారు, ఆ డబ్బు దేనికి ఖర్చయింది, అంతా రాయి. ఒక ఏడాది మా దగ్గర ఒకే గుమ్మడికాయ మూడుసార్లు వేలానికొచ్చింది. పాడినవాళ్లు డబ్బు కట్టి, కాయ మళ్లీ బల్లమీదే పెట్టేశారు. అది తెచ్చిన ముసలమ్మ మధురవాడ నుంచి రెండు బస్సులు మారి, ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అదంతా రాశాను. ఆ నెల కాగితాలు చాలక మళ్లీ జిరాక్స్ తీయించాం.

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆదివారం. ఆ రోజు మాకు ఆరాధన లేదు. తర్వాత కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. ఎవరింటి బావిలో నీళ్లున్నాయి, ఎవరి రేకులు ఎగిరిపోయాయి, ఎవరి దగ్గర బియ్యం దొరుకుతాయి, ఇవి చేత్తో రాసి చర్చి తలుపుకి అంటించాను. నేను రాసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వార్తల కాగితం అదే.

జబ్బుల సంగతి మాత్రం అడక్కుండా వేయకు. ఒకావిడ ఆపరేషన్ గురించి 'ప్రార్థించండి' అని వేసేశాను. రెండు నెలలు ఆవిడ చర్చికి రాలేదు. ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను.

కృష్ణా-గోదావరి డయాసిస్ ఆఫీసు విజయవాడలో, మనకి దాదాపు 350 కిలోమీటర్ల దూరం. మీ వీధి సంగతి నువ్వు రాస్తేనే అక్కడివాళ్లకి తెలుస్తుంది. ఇంకొకటి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘంవారు 1947 సెప్టెంబరు 27న ఒకటైతే ఏర్పడిన సంఘం మనది. లండన్ మిషన్‌వాళ్లయితే 1805లోనే మన ఊళ్లో దిగారు. నెలకో ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని 'మీ తాతగారిది ఏ మిషను? ఏ ఊరు నుంచి వచ్చారు?' అని అడుగు. వాళ్లున్నప్పుడే అడగాలి.

పంపేముందు మీ అమ్మకి చదివి వినిపించు. 'ఎవరమ్మాయే?' అని ఆవిడ ఎక్కడ ఆపుతుందో, అక్కడ ఇంకో రెండు వాక్యాలు చేర్చు.