రాని బకాయిని నమ్ముకొని తెచ్చిన అప్పు

ప్రశ్న: హనుమకొండలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఏజెన్సీ ద్వారా కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల వేతనాలను నిర్ణయించిన జీవో 60 ప్రకారం నాకు నెలకు రూ.19,500 రావాలి, రూ.15,600 ఇస్తున్నారు. నా దరఖాస్తును తిరస్కరించడంతో పునఃసమీక్ష కోరుతూ పిటిషన్ పెట్టాను. బకాయిలు వస్తాయన్న ధైర్యంతో 3 రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి ధర్మసాగర్ వైపు ప్లాటుకు బయానా ఇచ్చాను. వకీలు ఫీజుకు మరో రూ.40 వేలు తేవచ్చా? లక్ష రూపాయల చిట్టీ ఒకటి నడుస్తోంది.

జవాబు: తేవద్దమ్మా. మీ పిటిషన్ న్యాయమైనదే కావచ్చు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. అయితే మీరు గెలిచినా నెలకు పెరిగేది రూ.3,900; లక్షన్నరకు మీరు కడుతున్న వడ్డీ రూ.4,500. తీర్పు మీకు అనుకూలంగా వచ్చిన రోజున కూడా నెలకు ఆరు వందలు మీ చేతి నుంచే పడుతుందన్నమాట. ఉత్తర్వు వెలువడకముందే బకాయిని ఖర్చు రాసుకునే ఈ పొరపాటును కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులలో పదేపదే చూస్తున్నాను కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

వకీలుకు అసలు అప్పే అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. మీకు అప్పగించిన పని జీవోలోని ఏ వేతన వర్గానిదో తెలిపే డ్యూటీ ఉత్తర్వులు, హాజరు పట్టీలు, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు దానికి జతచేయండి.

ఇక నేను విసుగు లేకుండా చెప్పే మాట, అత్యవసర నిధి. గతేడాది ఏజెన్సీ మారినప్పుడు మూడు నెలలు జీతం ఆగిందని మీరే రాశారు. ఇంటి ఖర్చు నెలకు రూ.13 వేలు అనుకుంటే ఆ మూడు నెలలకు కావలసింది రూ.39 వేలు, దాదాపు మీరు వకీలు కోసం తేబోతున్నంత మొత్తం. టెండరు ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఉద్యోగానికి మూడు నెలలు కూడా చాలవు, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి. అది లేకుండా ప్లాటు మాట ఎత్తడమే తప్పు. బీమా సంగతికొస్తే, జీతం రూ.21 వేలు దాటనంత వరకు ఈఎస్ఐ వైద్య బీమా కొనసాగుతుంది, ఏడాదికి రూ.436 ప్రీమియంతో వచ్చే ప్రధానమంత్రి జీవన జ్యోతి జీవిత బీమా కూడా తీసుకోండి.

చిట్టీ పాట పాడి, వచ్చిన సొమ్మంతా అసలులోకి కట్టండి. మిగిలినదానికి మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా పొదుపు సంఘం ద్వారా బ్యాంకు అప్పు దొరుకుతుందేమో అడగండి. బయానాలో కొంత పోయినా సరే, ప్లాటు వదిలేసి తిరిగి వచ్చినంత తెచ్చుకొని, దానితోనే నిధి మొదలుపెట్టండి.