అమెరికా లా స్కూళ్లలో బోధన నిజంగా మారిందా? మన దగ్గర పనికివచ్చేది ఏమిటి?

మీరు ఒక లా కళాశాలలో పాఠాలు చెబుతున్నట్లు రాసి, అమెరికా లా స్కూళ్లలో కొత్త బోధనా పద్ధతులు, నాయకత్వ శిక్షణ అంటూ వినబడుతున్న వాటిలో అసలు విషయం ఎంత, మనం తీసుకోదగినది ఏమిటి అని అడిగారు. నేను హైదరాబాద్‌లో మూడేళ్ల ఎల్ఎల్‌బీ పూర్తిచేసి, 2012లో అమెరికాలోని ఒక లా స్కూల్లో జేడీలో, అంటే అక్కడి మూడేళ్ల న్యాయ పట్టా కోర్సులో, చేరాను. రెండు చోట్లా విద్యార్థిగా కూర్చున్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. అక్కడ ఎక్కువ ప్రచారం పొందిన మార్పులు నాకు పెద్దగా నేర్పింది లేదు. నిజంగా నేర్పిన పద్ధతులు రెండే. వాటిలో ఒకటి నూట యాభై ఏళ్ల నాటిది, రెండోది బాగా ఖర్చుతో కూడినది.

మొదటిది హార్వర్డ్‌లో 1870లో డీన్ అయిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ ప్రవేశపెట్టిన తీర్పుల పద్ధతి. అంతకుముందు ఆచార్యుడు సూత్రాలు వల్లిస్తే విద్యార్థులు రాసుకునేవారు. లాంగ్‌డెల్ 1871లో కాంట్రాక్టు చట్టంపై తీర్పుల సంకలనం ఒకటి తెచ్చి, సూత్రం ఏమిటో తీర్పులోంచి మీరే తవ్వి చెప్పండి అన్నాడు. ఈ పద్ధతి గురించి హైదరాబాద్‌లోనే విన్నాను గాని, అది ఎలా పనిచేస్తుందో చేరిన మొదటి నెలలో హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ తీర్పును పాఠంగా చెప్పిన రోజున అర్థమైంది.

1854 నాటి ఈ ఇంగ్లిష్ తీర్పు మీకు కొట్టిన పిండే. ఒప్పందం తప్పితే ఇచ్చే నష్టపరిహారం గురించిన మన కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చెప్పేటప్పుడు దీన్ని తలచుకోని అధ్యాపకుడు ఉండడు. గ్లాస్టర్‌లోని పిండిమరలో ఇరుసు విరిగింది, కొత్తదానికి నమూనాగా దాన్ని పంపితే రవాణా సంస్థ ఆలస్యం చేసింది, ఆ రోజుల్లో పోయిన లాభం ఇప్పించాలని మర యజమానులు దావా వేశారు. మర ఆగిపోయిందని రవాణా సంస్థకు తెలియదు కాబట్టి నష్టపరిహారం రాదని నేను నోట్సులో రెండు వాక్యాల్లో చదివి, పరీక్షలో అలాగే రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ఆచార్యుడు ఎనభై మందిలో నా పేరే పిలిచి, "మర ఆగిపోయిందని వాళ్లకు తెలుసా?" అని అడిగితే, తెలియదని ధీమాగా చెప్పాను. "తీర్పు పైన ఉన్న వాస్తవాల భాగం చదవండి" అన్నారు. మర ఆగిపోయిందని, ఇరుసును వెంటనే పంపాలని వాదుల మనిషి గుమాస్తాకు చెప్పాడని అక్కడ స్పష్టంగా ఉంది. న్యాయమూర్తి మాత్రం అటువంటి సంగతేదీ తెలియజేయనట్లే తీర్పు రాశారు. మరి ఈ రెండూ ఎలా పొసగుతాయి? నాకు నోట మాట రాలేదు. ఆయన జవాబు చెప్పలేదు, పక్క వరుసలో ఇంకొకరిని అడిగారు. గంటంతా అదే ప్రశ్న మీద నడిచింది. సెక్షన్ మొత్తం కంఠతా వచ్చిన నేను ఆ తీర్పును అసలు చదవనే లేదని ఆ రోజే తెలిసింది.

అయితే ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, అది రెండో ఏటికి బయటపడుతుంది: తీర్పులో కక్షిదారు కనిపించడు. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే క్లినిక్, అంటే విద్యార్థులు నిజమైన కక్షిదారుల కేసులు చూస్తూ నేర్చుకునే తరగతి. 1960ల చివర్లో ఫోర్డ్ ఫౌండేషన్ నిధులతో ఇవి విస్తరించాయి. పర్యవేక్షించే న్యాయవాది తోడుగా విద్యార్థులు నిజమైన కేసుల్లో హాజరయ్యేందుకు అక్కడి రాష్ట్రాల నిబంధనలు వీలు కల్పిస్తాయి. మూడో ఏట మా క్లినిక్‌కు ఇల్లు ఖాళీ చేయమని దావా ఎదుర్కొంటున్న ఒక మహిళ వచ్చారు. యజమాని ఇచ్చిన నోటీసులో గడువు రెండు రోజులు తక్కువ ఉందని నేను కనిపెట్టి, దావా కొట్టేయించవచ్చని గర్వంగా ఆచార్యురాలికి చెప్పాను. ఆవిడ "మీ కక్షిదారుకు కావలసింది అదేనా?" అని మాత్రం అడిగారు. కనుక్కుంటే, ఆమె భయమల్లా తన పేరు మీద అటువంటి దావా నమోదై ఉంటే ఇంకెవరూ ఇల్లు అద్దెకివ్వరేమోనని. దావా కొట్టేసినా నమోదు మిగిలే ఉంటుంది, యజమాని సరైన నోటీసుతో మళ్లీ వేస్తాడు కూడా. చివరికి ఆమె నెలన్నరలో ఖాళీ చేసేటట్లు, రికార్డును గోప్యంగా ఉంచాలని ఇరువర్గాలూ కోర్టును కోరేటట్లు రాజీ కుదిర్చాము. నా నోటీసు వాదన బేరంలో పనికొచ్చింది, అంతవరకే.

క్లినిక్ ఎందుకు ఖరీదైనదో ఒక్క లెక్కలో తెలుస్తుంది: మా క్లినిక్‌లో ఎనిమిది మందికి ఒక ఆచార్యురాలు, కాంట్రాక్టు తరగతిలో ఎనభై మందికి ఒక ఆచార్యుడు. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ 2014లో నిబంధనలు సవరించి, ఇటువంటి అనుభవ పాఠాలకు కనీసం ఆరు క్రెడిట్లు తప్పనిసరి చేసింది గాని, చాలా స్కూళ్లలో క్లినిక్ అధ్యాపకుల హోదా, ఉద్యోగ భద్రత ఇప్పటికీ మిగతావారితో సమానం కాదు.

ఇక నాయకత్వం సంగతి. అమెరికా లా స్కూళ్లన్నిటిలో కలిపి 2010లో దాదాపు 52 వేలున్న మొదటి ఏటి ప్రవేశాలు 2015 నాటికి 37 వేలకు పడిపోయిన కాలంలో నేను చదివాను. విద్యార్థులను ఆకర్షించడానికి ప్రతి స్కూలూ ఏదో ఒక కొత్త పేరు తగిలించుకుంది. మా స్కూలూ ఒక ఆవిష్కరణ కేంద్రం ప్రారంభించింది. దానికి గాజు గోడలు, రంగుల కుర్చీలు వచ్చాయి గాని అధ్యాపకుడు రాలేదు; నేను పట్టా తీసుకునేసరికి అది సమావేశాల గదిగా మారిపోయింది. అక్కడ డీన్ ఆదేశించి పాఠ్యప్రణాళికను మార్చలేరు, టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ భద్రత) ఉన్న అధ్యాపకులు ఓటు వేయాలి. ఎలెనా కేగన్ 2003లో హార్వర్డ్ డీన్ అయ్యాక మొదటి ఏటి పాఠ్యాంశాల సంస్కరణకు అక్కడి ఆచార్యురాలు మార్తా మినో నేతృత్వంలో అధ్యాపకుల మధ్య మూడేళ్లపాటు చర్చ జరిపించారు, 2006లో అది ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. విద్యార్థులకు ఉచితంగా కాఫీ పెట్టించారన్న సంగతినే అందరూ చెప్పుకుంటారు గాని, ఆ మూడేళ్ల ఓపికే నాకు గొప్పగా కనిపిస్తుంది.

మీ కళాశాలకు క్లినిక్ అచ్చంగా అక్కడిలా రాదు. మన విద్యార్థులు సాధారణంగా కోర్టులో వాదించలేరు. న్యాయ సేవల సంస్థ దగ్గరకు వచ్చేవారి మాట విని, వారికి ఏమి కావాలో ఒక పేజీలో రాసుకురమ్మని పంపవచ్చు. దానికంటే ముందు, ఖర్చు లేనిది, హ్యాడ్లీ తీర్పు. అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. ఆ కాలపు ఇంగ్లిష్ మీ పిల్లలకు కష్టమైతే వాస్తవాల భాగాన్ని తరగతిలోనే చదివించి, చర్చ తెలుగులో పెట్టండి. గుమాస్తాకు ఏమి తెలుసు అన్న ఒక్క ప్రశ్న అడగండి. మొదటి పది నిమిషాలు ఎవరూ పెదవి విప్పకపోవచ్చు. ఆ పది నిమిషాలూ మీరే జవాబు చెప్పేయకుండా ఉండటమే ఇందులో కష్టమైన పని.